గాయంతోనే పుట్టిన కాగితం: సోమనాథ్ హోర్ తెల్ల బొమ్మల కథ

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక చాటతో మొదలుపెడదాం. అవును, బియ్యం చెరిగే చాటే.

మా ఇంట్లో కొత్త వెదురు చాట కొంటే దాన్ని వెంటనే వాడేవాళ్ళు కాదు. మా నానమ్మ పాత న్యూస్‌పేపర్లు చిన్న ముక్కలుగా చింపి నీళ్ళలో నానబెట్టేది. ఇంకో గిన్నెలో మెంతులు నానేవి. రెండూ బాగా నానాక కలిపి రుబ్బురోట్లో వేసి మెత్తగా రుబ్బేది. ఆ బూడిదరంగు ముద్దని చాట మీద అరచేత్తో మెత్తేది. వెదురు బద్దల మధ్య సందులు మూసుకుపోతాయి, పిండి కిందికి రాలదు. తర్వాత దాన్ని డాబా మీద ఎండబెట్టేది. మీలో చాలామంది ఇళ్ళలో కూడా ఈ పని జరిగే ఉంటుంది.

ఒకసారి ఆ తడి చాటలో నేను బొటనవేలు గుచ్చాను. "చెయ్యి పెట్టకు, ఎండితే అలాగే ఉండిపోతుంది" అని నానమ్మ కసిరింది. నిజంగానే ఉండిపోయింది. ఇప్పటికీ ఆ చాటలో నా ఏడేళ్ళ బొటనవేలి గుంట ఉంది. నా వేలు పెరిగిపోయింది, ఇప్పుడు అందులో పట్టదు.

ఈ చిన్న విషయం గుర్తుపెట్టుకోండి. కాగితం గుజ్జుగా ఉన్నప్పుడు దానికి ఏం జరిగితే, ఎండాక అదే దాని ఆకారం అవుతుంది. ఇదే సంగతిని పట్టుకుని మన దేశంలో ఒక ఆర్టిస్ట్ 1971లో కొన్ని తెల్లటి బొమ్మలు చేయడం మొదలుపెట్టాడు. వాటిలో మనిషి ఉండడు, ముఖం ఉండదు, దాదాపు రంగే ఉండదు. ఆ సిరీస్ పేరు 'గాయాలు'. ఆర్టిస్ట్ పేరు సోమనాథ్ హోర్.

ఈ కథ ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, దాని వెనక నా తప్పు ఒకటి ఉంది. కొన్ని నెలల కింద బెంగాల్ కరువు మీద ఒక ఎపిసోడ్ చేశాను. దానికి రెండు థంబ్‌నెయిల్స్ పెట్టి ఏది ఎక్కువ క్లిక్ అవుతుందో టెస్ట్ చేశాను. ఒకటి మ్యాప్. రెండోది ఎముకలు తేలిన ఒక పిల్లాడి ఫొటో. ఏది గెలిచిందో మీకు చెప్పక్కర్లేదు. గెలిచినదాన్నే ఉంచాను. ఇంజనీర్‌గా చూస్తే నేను చేసింది కరెక్టే, డేటా ప్రకారం నడుచుకున్నాను. కానీ ఆ రాత్రి ఆ పిల్లాడి ఫొటో మీద ప్లే బటన్ గుర్తు చూస్తుంటే నాకు తిన్నగా నిద్ర పట్టలేదు. 80 ఏళ్ళ కింద ఆకలితో పోయినవాడు, ఇప్పుడు నా వ్యూస్ కోసం మళ్ళీ నిలబడ్డాడు.

మరి చూపించకపోతే ఎవరికి తెలుస్తుంది? చూపిస్తే ఆ మనిషి ఒక బొమ్మైపోతాడు. ఈ రెండింటి మధ్య దారి ఉందా అని వెతుకుతుంటే సోమనాథ్ హోర్ దొరికాడు. ఆయన ఈ ప్రశ్నతో దాదాపు 30 ఏళ్ళు కుస్తీ పట్టాడు. పదండి, మొదటి నుంచి చూద్దాం.

సోమనాథ్ హోర్ 1921లో చిట్టగాంగ్ జిల్లాలో పుట్టాడు. ఇప్పుడది బంగ్లాదేశ్‌లో ఉంది. ఆయనకి 20 ఏళ్ళు దాటేసరికి రెండో ప్రపంచ యుద్ధం సరిగ్గా ఆయన గుమ్మం ముందుకి వచ్చింది. 1942 మార్చిలో రంగూన్ జపాన్ చేతికి పోయింది. బర్మా పక్కన మొదటి భారత జిల్లా చిట్టగాంగే. ఆ ఏడాదే అక్కడ జపాన్ బాంబులు పడ్డాయి. చచ్చినవాళ్ళని, దెబ్బలు తిన్నవాళ్ళని ఆ కుర్రాడు కళ్ళారా చూశాడు.

ఆ వెనకే కరువు. 1943 బెంగాల్ కరువు వానలు లేక వచ్చిన కరువు మాత్రమే అనుకుంటే పొరపాటు. కారణాలు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి. బర్మా బియ్యం ఆగిపోయింది. జపాన్ సైన్యం వస్తే వాడుకుంటుందన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం తీర ప్రాంతాల్లో మిగులు బియ్యాన్ని తరలించింది, పదిమందికి మించి ఎక్కగలిగే పడవల్ని లాగేసుకుంది. నదుల మీద బతికే జనానికి పడవ పోవడమంటే కాళ్ళు పోవడమే. చేపలవాడికి పని లేదు, సంతకి సరుకు లేదు. 1942 అక్టోబర్‌లో మిడ్నపూర్ తీరాన్ని తుఫాను ఊడ్చేసింది. వరికి తెగులు పట్టింది. యుద్ధం ఖర్చుతో ధరలు ఆకాశానికి లేచాయి. కూలివాడి చేతిలో డబ్బుకి బియ్యం రాకుండా పోయింది. ప్రభుత్వ విచారణ కమిషన్ 15 లక్షల మంది చనిపోయారని చెప్పింది. తర్వాత లెక్కలు కట్టిన పరిశోధకులు 30 లక్షల దాకా వెళ్ళారు.

ఈ సమయంలో ఆర్టిస్టులు ఏం చేశారు? చిత్తప్రసాద్ అని ఒకాయన ఉన్నాడు, కమ్యూనిస్టు పార్టీ ఆర్టిస్ట్. మిడ్నపూర్ ఊళ్ళ వెంట నడుస్తూ, కనిపించినవాళ్ళ బొమ్మలు వేసి, వాళ్ళ గురించి రాసి 'హంగ్రీ బెంగాల్' అనే చిన్న పుస్తకం తెచ్చాడు. ప్రభుత్వం దాన్ని నిషేధించి, 5,000 కాపీలు పట్టుకుని నాశనం చేసింది. కుటుంబం దగ్గర ఒక్క కాపీ బతికింది. జైనుల్ ఆబెదిన్ అనే ఇంకొకాయన కలకత్తా వీధుల్లో చూసినదాన్ని చౌక కాగితం మీద నల్ల సిరాతో గీశాడు. ఆ చౌక కాగితాలే ఇవాళ ఆ కరువుకి సాక్ష్యాలు.

సోమనాథ్‌కి బొమ్మలు వేయమని ధైర్యం చెప్పింది ఈ చిత్తప్రసాదే. ఈ కుర్రాడు కూడా చిట్టగాంగ్ ప్రాంతంలో ఆకలితో ఉన్నవాళ్ళని చూసి గీశాడు. ఆ బొమ్మలు పార్టీ పత్రికలో అచ్చయ్యాయి. తర్వాత కలకత్తా ప్రభుత్వ ఆర్ట్ కాలేజీలో చేరాడు. అక్కడ జైనుల్ ఆబెదినే మాస్టారు. సఫీయుద్దీన్ అహ్మద్ దగ్గర చెక్క మీద చెక్కి అచ్చు తీసే పని నేర్చుకున్నాడు.

1946 డిసెంబర్‌లో పార్టీ ఆయన్ని ఉత్తర బెంగాల్లోని రంగ్‌పూర్‌కి పంపింది. అక్కడ తేభాగా ఉద్యమం నడుస్తోంది. తేభాగా అంటే మూడు వాటాలు. పంటలో సగం కాదు, మూడింట రెండు వంతులు మాకు రావాలి అన్నది కౌలు రైతుల డిమాండ్. మనవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది, ఎందుకంటే సరిగ్గా అదే ఏడాది ఇక్కడ తెలంగాణలో రైతులు దొరల మీద తిరగబడుతున్నారు. సోమనాథ్ ఆ ఊళ్ళలో తిరుగుతూ డైరీ రాశాడు, స్కెచ్‌లు వేశాడు. ఆ స్కెచ్‌లలో జనం ఎముకల గూళ్ళలా ఉండరు. కర్రలు పట్టుకుని మీటింగుకి వెళ్తున్నవాళ్ళు, వడ్లు మోస్తున్నవాళ్ళు, రాత్రి దీపం ముందు కూర్చుని మాట్లాడుకుంటున్నవాళ్ళు. అంటే ఆయన చూసింది బాధ ఒక్కటే కాదు.

తర్వాత దేశం రెండు ముక్కలైంది. సొంత ఊరు పరాయి దేశంలోకి వెళ్ళిపోయింది. 1948లో పార్టీ మీద నిషేధం పడింది, ఆయన అజ్ఞాతంలోకి వెళ్ళాడు, చదువు మధ్యలో ఆగింది. 1950ల మధ్యకి వచ్చేసరికి పార్టీకి దూరమయ్యాడు. ఇక పూర్తిగా టీచర్, ప్రింట్‌మేకర్. 1958 నుంచి ఢిల్లీలో ఆర్ట్ కాలేజీ గ్రాఫిక్స్ విభాగం నడిపాడు. 1960ల చివర్లో శాంతినికేతన్ కళాభవన్‌కి వచ్చి అక్కడే స్థిరపడ్డాడు.

ఇక్కడ ఒక్క నిమిషం టెక్నిక్ మాట్లాడుకుందాం, లేకపోతే అసలు మలుపు అర్థం కాదు.

ఎచింగ్ అంటే ఏంటి? జింక్ లేదా రాగి పలక తీసుకుంటారు. దాని మీద ఆసిడ్‌ని ఆపే పూత పూస్తారు. సూదిలాంటి పనిముట్టుతో ఆ పూతని గీస్తారు. పలకని ఆసిడ్‌లో ముంచితే, గీసిన చోటల్లా ఆసిడ్ లోహాన్ని తినేస్తుంది. ఆ గాడిలో సిరా నింపి, పైన తుడిచి, తడి కాగితం పెట్టి ప్రెస్‌లో తిప్పితే గాడిలోని సిరా కాగితానికి ఎక్కుతుంది. ఏళ్ళ తరబడి ఆయన చేసిన పని ఇదే. లోహాన్ని గీయడం, కొరికించడం, కోయడం. గమనించారా? గాయపడ్డ మనుషుల బొమ్మ వేయడానికి ఆయన ముందు పలకని గాయపరుస్తున్నాడు. పని చేసే పద్ధతికీ, చెప్పే విషయానికీ మధ్య దూరం తగ్గుతూ వస్తోంది.

మన తెలుగువాడి పేరు ఒకటి ఇక్కడ చెప్పాలి. చిత్తూరు దగ్గర నందనూరులో 1925లో పుట్టిన కృష్ణారెడ్డి. ఈయన 1940లలో శాంతినికేతన్‌లోనే చదువుకుని, తర్వాత పారిస్‌లో అతెలియే 17 అనే స్టూడియోకి వెళ్ళాడు. సిరాలో నూనె పాళ్ళు మార్చి ఒకే పలక నుంచి చాలా రంగులు ఒకేసారి అచ్చుతీసే పద్ధతిని అక్కడ తీర్చిదిద్దిన వాళ్ళలో ఆయన ముఖ్యుడు. కృష్ణారెడ్డి శిల్పం కూడా నేర్చుకున్నవాడు. అందుకే ఆయన పలకలు కొండలూ లోయలూ ఉన్న నేలలా లోతుగా చెక్కి ఉంటాయి. అంటే ప్రింట్ అనేది చదునైన బొమ్మ అన్న మాట ఆ తరంలో చాలామంది చేతుల్లో చెదిరిపోయింది. కాకపోతే కృష్ణారెడ్డి ఆ లోతులోంచి రంగుల వైపు వెళ్ళాడు. సోమనాథ్ రంగుని దాదాపు వదిలేశాడు.

ఇప్పుడు 1970, 71 రోజులు. కలకత్తాలో నక్సలైట్ ఉద్యమం, పోలీసు కాల్పులు, వీధుల్లో కుర్రాళ్ళ శవాలు. వియత్నాంలో యుద్ధం. 1971 మార్చిలో తూర్పు పాకిస్తాన్‌లో సైన్యం జనం మీద పడింది. బంగ్లాదేశ్ స్వాతంత్ర్య ప్రకటన రేడియోలో వినిపించింది చిట్టగాంగ్ దగ్గరి కాలూర్‌ఘాట్ స్టేషన్ నుంచి. అంటే సోమనాథ్ పుట్టిన జిల్లా నుంచి. దాదాపు కోటిమంది శరణార్థులు సరిహద్దు దాటి ఇటు వచ్చారు. 50 ఏళ్ళ వయసులో ఆయన ముందు 1943 మళ్ళీ నడుచుకుంటూ వచ్చింది.

ఈసారి ఆయన మనిషిని గీయలేదు. తర్వాత ఆయనే చెప్పుకున్నదాని సారాంశం ఏంటంటే, ఎక్కడ చూసినా ఆయనకి గాయాలే కనిపించాయి. దెబ్బతిన్న చెట్టు మాను, లారీ టైరు కింద నలిగిన రోడ్డు, ఏ కారణమూ లేకుండా కత్తిపోటు తిన్న మనిషి. మెల్లగా చెట్టూ, రోడ్డూ, మనిషీ పక్కకి పోయారు. గాయం ఒక్కటే మిగిలింది.

దాన్ని చేసిన పద్ధతి చూడండి. ముందు మట్టితోనో మైనంతోనో ఒక పలక తయారుచేస్తాడు. దాని మీద కత్తితో కోస్తాడు, పొడుస్తాడు, వేడి చేసిన పనిముట్టుతో కాలుస్తాడు, చీలుస్తాడు. మట్టి మెత్తగా ఉంటుంది కాబట్టి కోసినప్పుడు అంచులు పైకి లేస్తాయి, అచ్చం చర్మం తెగినప్పుడు లేచినట్టు. ఆ పలక మీద సిమెంట్ పోసి అచ్చు తీస్తాడు. సిమెంట్ గట్టిపడ్డాక మట్టిని తీసేస్తాడు. ఇప్పుడు మట్టిలో గుంట ఉన్నచోట సిమెంట్‌లో గట్టు ఉంటుంది. ఆ సిమెంట్ అచ్చు మీద తడి కాగితపు గుజ్జు పరిచి, అదిమి, ఆరబెడతాడు. ఆరాక తీస్తే సిమెంట్‌లో గట్టు ఉన్నచోట కాగితంలో గుంట పడుతుంది. మట్టిలో ఉన్న గాయం, రెండుసార్లు తిరగబడి, కాగితంలోకి వచ్చింది. సిరా లేదు. తెలుపు మీద తెలుపు. కొన్నిటిలో మాత్రం ఎక్కడో ఒక ఎర్రటి జాడ, అంతే.

మామూలు ఎంబాసింగ్‌కి దీనికి తేడా ఉంది. పెళ్ళికార్డు మీద ఉబ్బెత్తు గణపతి ఉంటాడు కదా, అది ఎంబాసింగ్. అక్కడ కాగితం ముందే తయారై ఉంది. తర్వాత దాన్ని నొక్కారు. గట్టిగా సాగదీస్తే, తడిపితే అది మళ్ళీ చదును కావడానికి చూస్తుంది. గుజ్జు సంగతి వేరు. గుజ్జు అంటే నీళ్ళలో తేలుతున్న నార పోగులు. బాగా దంచితే ఆ పోగుల అంచులు చీలి వెంట్రుకల్లా విచ్చుకుంటాయి. నీళ్ళు ఆరుతున్నకొద్దీ పోగులు దగ్గరికి జరిగి, ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. కెమిస్ట్రీ గుర్తున్నవాళ్ళకి చెప్పాలంటే హైడ్రోజన్ బంధాలు. జిగురు అక్కర్లేదు. పోగులు ఏ ఆకారం మీద ఉండగా పట్టుకున్నాయో, ఆ ఆకారమే కాగితం.

అంటే సోమనాథ్ కాగితాన్ని ఎవరూ కోయలేదు. ఏ కత్తీ దాన్ని తాకలేదు. ఆ కోత లేకుండా ఆ కాగితం ఒక్క క్షణం కూడా లేదు. అది గాయంతోనే పుట్టింది.

నాకు ఈ మాట తట్టినప్పుడు కాసేపు వీడియో ఎడిటింగ్ ఆపి కూర్చున్నాను. ఎందుకంటే ఇది చరిత్ర మనలోకి వచ్చే పద్ధతి కూడా. మనలో ఎవరం 1943 చూడలేదు. విభజన చూడలేదు. కానీ కంచంలో మెతుకు వదిలితే పెద్దవాళ్ళు ఎందుకంత కోప్పడతారు? బియ్యం డబ్బా అడుగంటకముందే కొత్త బస్తా ఎందుకు తెప్పిస్తారు? వాళ్ళనో, వాళ్ళ అమ్మానాన్నల్నో ఏదో ఒక కత్తి తాకింది. ఆ కత్తి ఇప్పుడు లేదు, ఆ మట్టీ లేదు. మధ్యలో సిమెంట్‌లాంటి ఒక తరం గట్టిపడి నిలబడింది. దాని మీద మనం ఆరాం.

సరే, ఇవి చూడటానికి ఎలా ఉంటాయి? ఢిల్లీలో ఒక ప్రదర్శనలో ఈ సిరీస్‌లో ఒకటి చూశాను. నిజం చెబుతున్నా, మొదట ఖాళీ ఫ్రేమ్ అనుకుని దాటిపోయాను. రెండడుగులు వేశాక పక్క నుంచి లైటు పడి, తెలుపులో ఒక నీడ కదిలింది. వెనక్కి వచ్చి నిలబడ్డాను. ఎదురుగా చూస్తే ఏమీ లేదు. పక్కకి వంగితే, మధ్యలో ఒక చీలిక, దాని చుట్టూ ఉబ్బిన అంచులు, కాస్త దూరంలో చిన్న చిన్న గుంటలు. మనకి తెలియకుండానే చెయ్యి మన ఒంటి మీద ఏదో పాత మచ్చ దగ్గరికి వెళ్తుంది. నా చెయ్యి మోకాలి దగ్గరికి వెళ్ళింది, చిన్నప్పుడు సైకిల్ మీంచి పడ్డ మచ్చ. ముట్టుకోకూడదు అని గోడ మీద బోర్డు ఉంది. కానీ ఈ బొమ్మలు కంటితోనే ముట్టుకునేలా చేసినవి.

కరువు ఫొటోకి దీనికి తేడా నాకు అక్కడ తెలిసింది. ఫొటోలో పిల్లాడిని చూసినప్పుడు నేను బయట ఉన్నాను. 'అయ్యో పాపం' అంటాను, తర్వాత స్క్రోల్ చేస్తాను. ఇక్కడ 'అయ్యో' అనడానికి ఎదురుగా ఎవరూ లేరు. గాయం ఉంది, గాయపడ్డ మనిషి లేడు. ఆ ఖాళీలోకి నా ఒళ్ళే వెళ్ళి నిలబడింది. ఎవరి బాధనీ ఆయన బొమ్మ చేసి అమ్మలేదు, అలాగని బాధని దాచనూ లేదు.

అయితే దీనికి ఎదురు ప్రశ్న ఉంది, అడగాల్సిందే. పేరు లేని గాయం అంటే చేసినవాడి పేరు కూడా లేనట్టే కదా? పడవలు లాక్కున్నదెవరు, కాల్పులు జరిపిందెవరు, ఈ తెల్ల కాగితం చెప్పదు. చిత్తప్రసాద్ పుస్తకం చెప్పింది, అందుకే దాన్ని నాశనం చేశారు. ఈ తెల్ల బొమ్మల్ని నాశనం చేయాలని ఏ ప్రభుత్వానికీ అనిపించదు. ఈ మాటలో బలం ఉంది. నా సమాధానం ఏంటంటే, సోమనాథ్ నేరుగా 'గాయాలు' దగ్గరికి రాలేదు. ముందు పాతికేళ్ళకి పైగా పేరుతో, ఊరుతో, తేదీతో బొమ్మలు వేశాడు. రంగ్‌పూర్ డైరీ రాశాడు. సాక్ష్యం చెప్పాక మిగిలినదాన్ని కాగితంలో పెట్టాడు. రెండూ కావాలి. డైరీ లేకుండా తెల్ల కాగితం ఒక్కటే ఉంటే అది అందమైన డెకరేషన్ అయిపోయే ప్రమాదం ఉంది.

కాగితపు గుజ్జు వైపు ఆ దశాబ్దంలో వెళ్ళింది ఆయన ఒక్కడే కాదు. 1975లో అమెరికన్ ఆర్టిస్ట్ రాబర్ట్ రౌషెన్‌బర్గ్ అహ్మదాబాద్ వచ్చి, గాంధీ ఆశ్రమంలోని చేతి కాగితం మిల్లులో పనిచేశాడు. అక్కడ చేసిన ఒక సిరీస్‌లో వెదురు, గుడ్డ, కాగితం కలిపాడు. ఇంకో సిరీస్ కోసం మట్టిగోడలు అలికినట్టుండే ఒక ముద్ద తయారుచేశారు. అందులో ఏమేం ఉన్నాయో వినండి. కాగితపు గుజ్జు, చింతగింజల పొడి, సుద్ద, జిగురు, మైలుతుత్తం, ఇంకా మెంతిపొడి. మెంతిపొడి! అది చదివి గట్టిగా నవ్వుకున్నాను. మా నానమ్మ రుబ్బురోలు రెసిపీ కాస్త మారి ఇంటర్నేషనల్ ఆర్ట్ అయింది. చింతగింజలు కూడా మనకి కొత్త కాదు. కొండపల్లి బొమ్మలకి చేతులూ కాళ్ళూ అతికించే మక్కు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి చేసేదే.

ఇంకొకరు జరీనా హష్మీ. 1937లో అలీగఢ్‌లో పుట్టింది. పదేళ్ళ వయసులో విభజన చూసింది. తర్వాత వాళ్ళ కుటుంబం పాకిస్తాన్ వెళ్ళిపోయింది. ఆమె కూడా పారిస్‌లో కృష్ణారెడ్డి పనిచేసిన ఆ అతెలియే 17లోనే ప్రింట్‌మేకింగ్ నేర్చుకుంది. న్యూయార్క్‌లో స్థిరపడ్డాక, 1970ల చివరి నుంచి గుజ్జుని అచ్చుల్లో పోసి శిల్పాల్లాంటి కాగితాలు చేసింది. మెట్లు, వాకిళ్ళు, గూళ్ళు, ఇళ్ళ ఆకారాలు. సోమనాథ్ గుజ్జులో గాయం దాచుకుంటే, జరీనా ఇల్లు దాచుకుంది. ఇద్దరూ పోగొట్టుకున్నది ఒకే గీత వల్ల.

ఆలోచిస్తే, ఇద్దరికీ గుజ్జే ఎందుకు కావలసి వచ్చిందో కొంత అర్థమవుతుంది. రాయి తనంతట తాను గొప్పగా ఉంటుంది, కంచు బరువుగా ఉంటుంది. గుజ్జుకి సొంత ఆకారం లేదు, గర్వం లేదు. ఒకప్పుడు గుడ్డపీలికలో, పాత కాగితాలో అయినది. దేన్ని తాకితే దాని గుర్తుని మోస్తుంది.

సోమనాథ్ కూడా తర్వాత కంచు వైపు వెళ్ళాడు, 1974 నుంచి. మైనం రేకుల్ని మడిచి, చించి, అతికించి చిన్న చిన్న మనుషుల్ని చేసి కంచులో పోత పోశాడు. ఆ కంచు బొమ్మల ఒంటి మీద చీలికలు చూస్తే 'గాయాలు' కాగితాలే లేచి నిలబడ్డట్టు ఉంటాయి. మనిషి తిరిగి వచ్చాడన్నమాట, కానీ ఈసారి గాయమే ఒళ్ళుగా. వాటిలో పెద్దది వియత్నాం ప్రజలకి నివాళిగా చేసిన 'తల్లీ బిడ్డా'. దాన్ని పూర్తిచేసిన కొద్ది కాలానికే, 1977లో, కళాభవన్ నుంచి ఎవరో ఎత్తుకుపోయారు. మళ్ళీ దొరకలేదు. కంచు బరువుకి ధర ఉంటుంది. తెల్ల కాగితంలోని గుంటని ఎత్తుకుపోయి కరిగించి అమ్మలేరు.

2006లో ఆయన పోయాడు. మరుసటి ఏడాది ప్రభుత్వం పద్మభూషణ్ ప్రకటించింది.

చివరిగా రెండు మాటలు. ఈ ఎపిసోడ్‌లో 'గాయాలు' ఫొటోలు పెట్టడానికి చాలా ప్రయత్నించాను. కుదరలేదు. వీడియోని చిన్నది చేసేటప్పుడు సాఫ్ట్‌వేర్ మన కంటికి పెద్దగా తేడా తెలియదనుకున్న వివరాల్ని తీసిపారేస్తుంది. తెలుపు పక్కన కాస్త తక్కువ తెలుపు ఉంటే దానికి అది అనవసరమైన డేటా. సోమనాథ్ పనంతా ఆ కాస్త తేడాలోనే ఉంది. అందుకే చూపించకుండా చెప్పాను. ఢిల్లీలోనో, కలకత్తాలోనో ఎప్పుడైనా ఆయన ప్రదర్శన జరిగితే వెళ్ళండి. ఎదురుగా కాదు, పక్కన నిలబడి చూడండి.

రెండోది, ఆ పాత కరువు ఎపిసోడ్ థంబ్‌నెయిల్ మార్చేశాను. మ్యాప్ పెట్టాను. క్లిక్స్ తగ్గాయి, తగ్గనివ్వండి. ఇక ఈ ఎపిసోడ్ థంబ్‌నెయిల్ మీకు తెల్లగా, ఖాళీగా కనిపిస్తుంటే అది అప్‌లోడ్ ఎర్రర్ కాదు. మా నానమ్మ చాటని కిటికీ దగ్గర పెట్టి, పక్క వెలుతురులో ఫొటో తీసి, బాగా తెలుపు చేసి పెట్టాను. జాగ్రత్తగా చూస్తే ఎడమవైపు కింద ఒక చిన్న గుంట ఉంటుంది.

మీ ఇంట్లో అలాంటి చాట ఉంటే, దాన్ని పారేసే ముందు ఒకసారి చేత్తో తడిమి చూడండి. ఎవరి వేళ్ళు ఉన్నాయో.